పేరు పొడుగు... కథ చల్లన!

*ధర్మవరం నుంచి హిందూపురం దాకా రైలెక్కితే కిటికీలోంచి కనిపించేవి కొండలూ, బీడు భూములూ, వేరుశనగ చేలే కాదు. ఒక్కో స్టేషన్ బోర్డు మీదా ఒక్కో వ్యాకరణ పాఠం ఉంది. ఆ పాఠం విప్పితే లోపల రాజులున్నారు, అమ్మలున్నారు, చెరువులున్నాయి. ప్రపంచంలోనే అతి పొడవైన పదంగా పేరుపడ్డ మాట కూడా ఈ సీమను ఏలిన రాజు కొలువుదే!*

ధర్మవరం. పెనుకొండ. హిందూపురం.

వేళ్లు మడిచి లెక్కపెట్టండి. ధ-ర్మ-వ-రం... నాలుగు. పె-ను-కొం-డ... నాలుగు. హిం-దూ-పు-రం... అదీ నాలుగే! మూడు ఊళ్లూ శ్రీ సత్యసాయి జిల్లాలోనివే. మూడు పేర్లూ నాలుగేసి అక్షరాలవే. ఇంకో తమాషా ఏమిటంటే, ఒక్కో పేరునూ సరిగ్గా మధ్యకు విరిస్తే రెండేసి అక్షరాల మాటలు రెండు బయటపడతాయి. ధర్మ-వరం, పెను-కొండ, హిందూ-పురం. ఎవరో కొలబద్ద పెట్టి కొలిచినట్టు!

అదే బోర్డు మీద ఇంగ్లిషులో చూడండి. ధర్మవరానికి పదకొండు అక్షరాలు, పెనుకొండకు తొమ్మిది, 'హిందూపూర్‌'కు ఎనిమిది. తెలుగులో అక్షరమంటే ఒక గుక్క. హల్లుకు అచ్చు జత కలిస్తేనే అక్షరం పూర్తయినట్టు. అందుకే మన నాలుకకు మాట చివర అచ్చో, సున్నో ఉండాలి. ఇంగ్లిషు 'బస్' మన ఊరొచ్చి బస్సయింది. కార్ కారయింది, బెంచ్ బెంచీ అయింది. ఇంగ్లిషువాళ్లు చేసింది దీనికి తిరకాసు. మన హిందూపురం చివరి గుక్కను కత్తిరించి హిందూపూర్ అన్నారు. రైల్వే బోర్డు మీద ఇంగ్లిషులో ఇప్పటికీ అదే.

అమ్మ పేరు... చెరువు గట్టు

ప్రయాణం ధర్మవరం నుంచి మొదలుపెడదాం. ఊరి పేరు చెప్పగానే పట్టుచీర గుర్తుకు రావడం సహజం. మగ్గం మీద పడుగులోకి పేక దూరినట్టే ఇక్కడ మాటలోకి మాట దూరింది. 'ధర్మవరము', 'పట్టుచీర' పక్కపక్కన చేరగానే 'ము' కాస్తా 'పు' అయి ధర్మవరపు పట్టుచీర అవుతుంది. నేతగాళ్లు దారం ముడివేస్తే ముడి కనబడదు. భాష వేసిన ముడీ అంతే.

ఊరి పేరులోనే ఇంకో ముడి ఉంది. ఈ 'వరం' దేవుడిచ్చిన వరం కాదనీ, 'పురం' అనే మాటే మెత్తబడి 'వరం' అయిందనీ భాషా పరిశీలకులు చెబుతారు. అన్న, తమ్ముడు కలిస్తే అన్నదమ్ములు. తల్లి, తండ్రి కలిస్తే తల్లిదండ్రులు. కూర, కాయ కలిస్తే కూరగాయలు. ఊరు, పల్లె కలిస్తే ఊరువల్లెలు. రెండు మాటలు ఒక ఇంట్లో కాపురం పెట్టగానే రెండోదాని మొదటి అక్షరం గట్టిదనం వదులుకుంటుంది. క-గ, చ-స, ట-డ, త-ద, ప-వ. చిన్నయసూరి 1858లో వెలువరించిన 'బాలవ్యాకరణం' చదివినవారికి ఇది గసడదవాదేశం. చదవనివారికి అలవాటు. పురం వరంగా మారడంలోనూ కనిపించేది ఆ మెత్తదనమే. భీమవరం, గన్నవరం, అన్నవరం కూడా ఇదే కోవలోవని చెబుతారు.

మరి 'ధర్మ' ఎవరు? క్రియాశక్తి ఒడయరు ఇక్కడ పెద్ద చెరువు కట్టించి, తల్లి ధర్మాంబ పేరిట ఊరు నిలిపాడని చెబుతారు. అంటే నాలుగక్షరాల్లో ఒక కొడుకు, ఒక తల్లి, ఒక చెరువు. ఈ ఊరివాడే అయిన 'ఆంధ్ర నాటక పితామహుడు' (1853-1912) పేరు చూడండి... ధర్మవరం రామకృష్ణమాచార్యులు. రామ, కృష్ణమ, ఆచార్యులు అనే మూడు మాటలు అతుకు తెలియకుండా కలిసి ఎనిమిది అక్షరాల పేరయ్యాయి.

సముద్రం లేని సీమలో సముద్రాలు

రైలు కదిలింది. కొత్తచెరువు మీదుగా వెళ్లే దారిలో వచ్చేది శ్రీ సత్యసాయి ప్రశాంతి నిలయం స్టేషన్. 2000లో మొదలైంది. శ్రీ-స-త్య-సా-యి-ప్ర-శాం-తి-ని-ల-యం. పదకొండు అక్షరాలు. ఈ దారిలో పొడుగు బోర్డు ఇదే.

మన రాష్ట్రంలో దీన్ని మించినది ఇంకోటి ఉంది. రేణిగుంట-అరక్కోణం మార్గంలో తమిళనాడు సరిహద్దు దగ్గర ఓ చిన్న స్టేషన్... వెంకటనరసింహరాజువారిపేట! ఇంగ్లిషులో 28 అక్షరాలు. 2019లో చెన్నై సెంట్రల్‌కు ఎం.జి.రామచంద్రన్ పేరు పెట్టేదాకా దేశంలోని స్టేషన్లన్నింటిలో పొడవైన పేరుగా దీన్నే చెప్పుకొనేవారు. తెలుగులో మాత్రం పదమూడు అక్షరాలే. చిన్నపిల్లలైనా గుక్క తిప్పుకోకుండా చదివేస్తారు. ఎందుకంటే వెంకట, నరసింహ, రాజు, వారి, పేట... అన్నీ తెలిసిన మాటలే. పేరు చదివితే చాలు, ఆ పేట ఎవరిదో తెలిసిపోతుంది.

అనంతపురం చుట్టుపక్కల ఊళ్ల పేర్లు ఇలా విప్పుకుంటూ పోతే ఒక విచిత్రం తడుతుంది. బుక్కరాయసముద్రం, నాగసముద్రం, కొత్తచెరువు... ఎటు చూసినా నీళ్లే! వానలు ముఖం చాటేసే సీమ ఇది. ఇక్కడివాళ్లు చెరువు తవ్వుకుని దానికి సముద్రమని పేరు పెట్టుకున్నారు. ఆశ ఎంత పెద్దదో పేరూ అంత పెద్దది. బుక్కరాయసముద్రమనే ఏడక్షరాల్లో ఏ రాజు కాలంలో ఆ నీళ్లు నిలిచాయో రాసి ఉంది. శిలాశాసనం చెరిగిపోవచ్చు. రోజుకు వెయ్యిసార్లు జనం నోట్లో నలిగే పేరు మాత్రం చెరగదు.

'కొ'నా... 'గొ'నా?

పెనుకొండ. పెను అంటే పెద్ద. పెనుగాలి, పెనుచీకటిలో ఉన్నది ఆ పెనే. స్టేషన్లో దిగగానే ఎదురయ్యే కొండను చూస్తే ఇంకో పేరు అక్కర్లేదనిపిస్తుంది. 1565లో తళ్లికోట యుద్ధం తర్వాత హంపీ పాడుబడితే విజయనగర రాజులకు రాజధాని ఈ పెద్ద కొండే అయింది. కొండకింద గగనమహల్ ఇప్పటికీ నిలబడి ఉంది.

ఈ ఊరికి సంస్కృతంలో ఘనగిరి అని పేరు. పెను అన్నా ఘన అన్నా ఒకటే. కొండ అన్నా గిరి అన్నా ఒకటే. అయితే పెనుగిరి అని ఎవరూ అనరు. ఘనకొండ అనీ అనరు. తెలుగుకు తెలుగు జత, సంస్కృతానికి సంస్కృతం జత. అటుదిటు కలిపితే వైరిసమాసమని పండితులు కోప్పడతారు. ఆ నియమం వినని వాళ్లకు కూడా ఘనకొండ అంటే చెవికి ఏదో తేడాగానే ఉంటుంది.

పాము ముందు పెను చేరితే పెనుబాము. అదే లెక్కన కొండ ముందు చేరితే పెనుగొండ కావాలి కదా? నిజమే, అలాంటి ఊరు ఉంది... పశ్చిమగోదావరి జిల్లాలో! పేరు ఒకటే, ముడి ఒక్కటే తేడా. ఆ ఊళ్లో క మెత్తబడి గ అయింది. ఈ కొండ దగ్గర గట్టిగానే నిలబడింది. అన్నట్టు, ఈ పెనుకొండలోనే పెరిగిన 'సరస్వతీపుత్ర' పుట్టపర్తి నారాయణాచార్యులు (1914-1990) పాడుబడిన ఈ రాజధానిని తలుచుకుని పన్నెండేళ్ల వయసులో కావ్యం రాశారు. దాని పేరు 'పెనుగొండలక్ష్మి'. కావ్యంలోకి వచ్చేసరికి ఈ ఊరి 'కొ' కూడా 'గొ' అయింది. చిన్నప్పుడు రాసిన ఆ పుస్తకమే తర్వాత విద్వాన్ పరీక్షలో ఆయనకు పాఠ్యపుస్తకంగా ఎదురైందని సాహితీ ప్రియులు ఇప్పటికీ ముచ్చటగా చెప్పుకుంటారు.

విజయనగర రాజుల బిరుదుల పొడుగు గురించి చెప్పకపోతే పెనుకొండ కథ పూర్తికాదు. శ్రీమన్మహారాజాధిరాజరాజపరమేశ్వర! మొత్తం పదహారు అక్షరాలు. శ్రీమత్, మహారాజ, అధిరాజ, రాజ, పరమ, ఈశ్వర... ఆరు మాటలు. త్, మ కలిసి 'న్మ' అయింది. అ, అ కలిసి 'ఆ' అయింది. అ, ఈ కలిసి 'ఏ' అయింది. మూడు సంధులు, ఒక రాజు. హంపీ పోయింది, పెనుకొండ వచ్చింది. తర్వాత రాజధాని చంద్రగిరికీ తరలింది. రాజ్యం తగ్గుతూ వచ్చింది గానీ బిరుదు పొడుగు తగ్గలేదు.

అయితే పెనుకొండ గుర్తుపెట్టుకోవాల్సిన పొడుగు పేరు రాజుది కాదు... ఒక కాలువది. సరిహద్దు అవతల గౌరిబిదనూరు ప్రాంతంలో 1388 నాటి శాసనం ఒకటుంది. పెనుకొండను ఏలుతున్న ప్రతాప బుక్కరాయలు జనానికి నీటి ఎద్దడి తీర్చాలనుకున్నాడు. జలసూత్ర విద్యలో దిట్ట అయిన సింగయభట్టును పిలిపించి, పెన్నా నీటిని పెనుకొండకు మళ్లించమన్నాడు. సింగయభట్టు కాలువ తవ్వించి నీటిని సిరువేర చెరువుకు చేర్చాడు. దానికి ప్రతాపబుక్కరాయమండల కాలువ అని పేరు పెట్టారు. పదమూడు అక్షరాలు! అన్ని మైళ్లు ప్రవహించాల్సిన నీటికి ఆమాత్రం పేరు ఉండొద్దూ!

సుమారు ఆరు వందల ఏళ్లు గడిచాయి. 2016లో పెనుకొండ దగ్గర గొల్లపల్లి జలాశయానికి మళ్లీ దూరదేశపు నీళ్లు వచ్చాయి. ఈసారి కృష్ణా నీళ్లు. ఈ పథకానికీ పొడుగు పేరే... హంద్రీనీవా సుజల స్రవంతి. హంద్రీ కర్నూలు వైపు నది. నీవా చిత్తూరు వైపు నది. ఎక్కడో పుట్టిన రెండు ఏళ్లు అన్నదమ్ముల్లా ఒక మాటలో కలిశాయి. పథకం ఏ సీమ నుంచి ఏ సీమ దాకా పోతుందో పేరే పటం గీసి చూపిస్తుంది. ఆ పేరును హెచ్.ఎన్.ఎస్.ఎస్. అని కుదిస్తే రెండు నదులూ మాయం!

పది అక్షరాల మాట... రోజూ మన నోట

ఇంత పొడుగు మాటలు రాజులకూ పండితులకూ చెల్లుతాయి, మనకెందుకు అంటారా? రైలు పెట్టెలో చెవి ఒగ్గి వినండి. 'మీవాడు ఏమన్నాడు?' అని ఒకామె అడుగుతుంది. 'బెంగళూరు వెళ్లాలనుకుంటున్నానన్నాడు' అని రెండో ఆమె జవాబు. వె-ళ్లా-ల-ను-కుం-టు-న్నా-న-న్నా-డు. పది అక్షరాలు, ఒకటే మాట! వెళ్లాలి, అనుకుంటున్నాను, అన్నాడు... మూడు క్రియలు. ఇత్వసంధి ఒకచోట, ఉత్వసంధి ఒకచోట. వెళ్లాల్సింది ఎవరో, అనుకున్నది ఎవరో, చెప్పింది ఎవరో అన్నీ అందులోనే. వేరుశనగకాయలు ఒలుచుకుంటూ ఆవిడ అలవోకగా అనేసింది.

ఇలాంటి సరదా ప్రపంచంలో చాలా భాషలకు ఉంది. పోలండ్ వాళ్లు పిల్లలను ఆటపట్టించడానికి ఓ మాట చెబుతారు... కోన్‌స్తాంతినోపొలితాంచికోవ్యానెచ్కా. వాళ్ల లిపిలో 32 అక్షరాలు, పలకడానికి పన్నెండు గుక్కలు. కాన్‌స్టాంటినోపుల్ నగరవాసి గారి చిన్నారి కూతురు అని అర్థం. ముందు ఊరు, దానికి 'వాసి' అనే తోక, దానికి 'కూతురు' అనే తోక, చివర ముద్దు తోక. మన 'రాజువారిపేట'లాగే ఒకదాని వెనుక ఒకటి పెట్టెలు తగిలించుకున్న రైలు అది. తేడా అంతా గుక్కలోనే ఉంది. ఆ దేశంలోనే ష్చెబ్‌జెషిన్ అని ఓ ఊరుంది. వాళ్ల లిపిలో 13 అక్షరాలు, పలికితే మూడే గుక్కలు! హల్లుల మీద హల్లులు ఎక్కించేస్తారు. మనకూ అలాంటివి లేకపోలేదు. సంస్కృతం నుంచి తెచ్చుకున్న 'కార్త్స్న్యం' అనే మాటలో ఒక్క అచ్చు మీద ర, త, స, న, య అయిదు హల్లులూ వేలాడుతున్నాయి. సంపూర్ణత్వమని దాని అర్థం. పలకడం పూర్తయ్యేసరికి నాలుక అలిసిపోతుంది.

వేల్స్ దేశంలో 58 అక్షరాల ఊరి పేరు ఒకటి రైల్వే స్టేషన్ బోర్డు మీద కనిపిస్తుంది. 1860ల్లో పర్యాటకులను రప్పించడానికే ఆ పేరును అంత సాగదీశారు. మన పొడుగు పేర్లు ఎవరినో రప్పించడానికి పెట్టినవి కావు. ఎవరినో మరిచిపోకుండా ఉండటానికి పెట్టుకున్నవి.

'ప' దాటితే 'హ'

హిందూపురం. బెల్లం, చింతపండు వాసన గుప్పుమనే మార్కెట్ ఊరు. గుత్తి పాలకుడు మురారిరావు తన తండ్రి హిందూరావు పేరున దీన్ని నిలిపాడని చెబుతారు. ధర్మవరానికి తల్లి పేరయితే దీనికి తండ్రి పేరన్నమాట. ఇక్కడ 'పురం' మెత్తబడలేదు. పురం పురంగానే ఉంది.

ఊరు దాటి కాస్త దూరం పోతే కర్ణాటక. అక్కడ 'ప' ఇంకో వేషం కడుతుంది. మన పల్లి అక్కడ హళ్లి. మన పాలు హాలు. మన పులి హులి. మన పూవు హూవు. హిందూపురంలో రెండు భాషలూ తెలిసినవారికి ఇది కొత్త కాదు. ఒకే దుకాణం ముందు ఒకరు పాలు అడుగుతారు, ఇంకొకరు హాలు అడుగుతారు. ఇద్దరికీ దొరికేది అదే ప్యాకెట్టు.

లే పక్షీయా? లేప అక్షియా?

హిందూపురం నుంచి 15 కిలోమీటర్లు బస్సులో వెళ్తే లేపాక్షి. రెక్కలు తెగిపడిన జటాయువును రాముడు 'లే పక్షీ' అని లేపాడనీ, అదే ఊరి పేరయిందనీ కథ. వినడానికి ఎంతో బాగుంటుంది. వ్యాకరణం మాత్రం ఒక చిన్న సందేహం లేవనెత్తుతుంది. లే, పక్షి కలిస్తే 'లేపక్షి' కావాలి. దీర్ఘం ఎక్కడిది?

ఇంకో కథ ఉంది. గుడి కట్టించిన విరూపణ్ణ ఖజానా సొమ్ము ఖర్చుపెట్టాడని రాజుకు ఫిర్యాదు వెళ్లిందట. శిక్ష పడకముందే అతడు తన కళ్లను తానే పెకలించి గోడకేసి కొట్టాడట. గోడ మీది ఎర్రటి మరకలను ఇప్పటికీ చూపిస్తారు. లేప అంటే పూత, అక్షి అంటే కన్ను. లేప, అక్షి కలిస్తే సవర్ణదీర్ఘసంధితో అచ్చంగా లేపాక్షి! జరిగింది ఏదో రాళ్లకే తెలియాలి. ఒక్క దీర్ఘం మాత్రం ఏ కథ వైపు మొగ్గుతోందో చెప్పేస్తోంది.

విరూపణ్ణ, అతని తమ్ముడు వీరణ్ణ ఈ గుడి కట్టించింది అచ్యుతదేవరాయల (1529-1542) కాలంలో. ఏకశిలలో మలిచిన 27 అడుగుల నందిని, పైకప్పు మీది రంగుల బొమ్మలను చూడ్డానికి జనం ఎక్కడెక్కడి నుంచో వస్తారు. శాసనాలు ఎక్కువగా కన్నడంలో కనిపిస్తాయి. ఈ రాజు కొలువులోనే తిరుమలాంబ అనే కవయిత్రి ఉండేది. రాజుకు రాణి అని కూడా చెబుతారు. అచ్యుతరాయలకూ వరదాంబికకూ జరిగిన పెళ్లిని సంస్కృతంలో 'వరదాంబికా పరిణయ చంపువు'గా రాసింది. తంజావూరు గ్రంథాలయంలో ఉండిపోయిన ఆ కావ్యాన్ని 20వ శతాబ్దంలో లక్ష్మణ్ సరూప్ వెలుగులోకి తెచ్చారు.

గిన్నిస్ బుక్ ప్రపంచంలోకెల్లా పొడవైన పదంగా పేర్కొన్నది ఆ కావ్యంలోని మాటనే. ఒకే ఒక్క సమాసం... 195 అక్షరాలు! ఇంగ్లిషు లిపిలో రాస్తే 428.

ఇంత పెద్ద మాట దేని గురించి? యుద్ధం గురించా? రాజు ప్రతాపం గురించా? కాదు. కంచి చుట్టూ ఉన్న తొండైసీమలో ఎండన పడి వచ్చే బాటసారుల గురించి. మామిడితోపు నీడలో మెత్తటి ఇసుక మీద వట్టివేళ్లతో అల్లిన పందిరి. అందులో ఏలకులు, లవంగాలు, కుంకుమపువ్వు, కర్పూరం, కస్తూరి వేసిన చల్లటి నీళ్లు. కుండలు వంచి పోసే అమ్మాయిలు. వాళ్ల చూపు చల్లదనం ముందు ఆ నీళ్ల చల్లదనం కూడా సిగ్గుపడిందట! దారినపోయేవారి దాహం ఆ చూపుతోనే తీరిపోయిందట. మొత్తం 195 అక్షరాలూ కలిసి చెప్పింది ఇదే.

అంటే... ఒక చలివేంద్రం!

ఈ చలివేంద్రం అనే మాట కూడా ముడిపడ్డదే. చలిపందిరి అన్నదే జనం నాలుక మీద దొర్లి దొర్లి చలివేంద్రం అయిందంటారు. మళ్లీ అదే ప, అదే వ. ధర్మవరంలో రైలెక్కిన అక్షరం లేపాక్షి దాకా తోడొచ్చింది.

ఇప్పుడు సెల్‌ఫోన్లో టికెట్టు తీస్తే ధర్మవరం డీఎంఎం, పెనుకొండ పీకేడీ, హిందూపురం హెచ్‌యూపీ. మూడేసి ఇంగ్లిషు అక్షరాలు. పని జరిగిపోతుంది, కాదనలేం. కానీ ఆ అక్షరాల్లో చెరువు కట్టించిన కొడుకు లేడు, పెద్ద కొండ లేదు, తండ్రి పేరు నిలిపిన వీరుడూ లేడు. పొట్టి పేరుతో ఊరు చేరవచ్చు. ఊరి కథ తెలియాలంటే మాత్రం పూర్తి పేరే కావాలి.

ఈ ఎండాకాలం సెలవుల్లో పిల్లలతో సొంతూరు వెళ్తే బోర్డు దగ్గర ఒక్క నిమిషం ఆగండి. మీ ఊరి పేరులో ఎన్ని మాటలున్నాయో విడదీయమనండి. తెలియకపోతే తాతనో, అవ్వనో అడగమనండి. పేరులో చెరువో, కుంటో, సముద్రమో ఉంటే అదిప్పుడు ఎక్కడుందో వెతకమనండి. దొరికితే సంతోషం. దొరకకపోతే, అక్కడ ఒకప్పుడు నీళ్లుండేవని చెప్పే సాక్షి ఆ పేరు ఒక్కటే కావచ్చు.